బడి తెరిచే వేళ ఇంటి తక్కెడ

వేసవి సెలవులు ముగిసి తెలుగు రాష్ట్రాల్లో బడులు తెరుచుకునేది సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో. దానికి ముందు పది పదిహేను రోజులు ప్రతి ఇంట్లోనూ లెక్కలే లెక్కలు. ఫీజు మొదటి విడత ఎంత? నోటు పుస్తకాలకెంత? యూనిఫాం కుట్టుకూలి ఎంత? పోయినేటి బూట్లు ఈ ఏడాదికి పనికొస్తాయా? ఆటోవాడు నెలకెంత అడుగుతున్నాడు? పండుగ ఖర్చులకు అప్పుచేయని ఇల్లు కూడా జూన్ నెలలో చేయి చాచక తప్పని పరిస్థితి.

ఈ లెక్కలన్నీ అయ్యాక చాలా ఇళ్ళలో మరో లెక్క కూడా జరుగుతుంది. దాన్ని ఎవరూ కాగితం మీద రాయరు. పైకి చెప్పుకోరు కూడా. ఉన్న డబ్బు అందరికీ సరిపోనప్పుడు ఏ బిడ్డను ఏ బడికి పంపాలి? ఎవరి కోసం అప్పు చేయాలి? ఎవరి చదువును “ఇక చాలు” అనుకోవాలి?

ఇది పైకి డబ్బుకు సంబంధించిన ప్రశ్నలా కనిపిస్తుంది. నిజానికిది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. తీర్పుదినాన తల్లిదండ్రులు జవాబు చెప్పుకోవలసిన ప్రశ్న. కనుక బడిగంట మోగే ముందే దీన్ని గురించి కాస్త నిదానంగా ఆలోచించడం అవసరం.

ఒక ఇంటి కథ కాదు

ఒక ఇంటిని ఊహించుకుందాం. తండ్రి ఆటో నడుపుతాడు. తల్లి ఇంట్లో మిషను కుడుతుంది. అమ్మాయి తొమ్మిదో తరగతికి వచ్చింది, అబ్బాయి ఆరో తరగతికి. ఇద్దరికీ ప్రైవేటు స్కూలు ఫీజు కట్టే స్తోమత వాళ్ళకు లేదు. చివరికి అబ్బాయిని ప్రైవేటు స్కూల్లో చేర్పించారు. అమ్మాయి ఊళ్ళోని ప్రభుత్వ ఉన్నత పాఠశాలలోనే కొనసాగుతుంది. అబ్బాయికి ట్యూషన్ కూడా పెట్టారు. అమ్మాయి బడి నుంచి రాగానే అంట్లు తోముతుంది, తమ్ముడి టిఫిను డబ్బా కడుగుతుంది, ఆ తర్వాత కరెంటు ఉంటే పుస్తకం తీస్తుంది.

ఇలాంటి ఇళ్ళు మన మొహల్లాల్లో కోకొల్లలు. వీళ్ళెవరూ చెడ్డవాళ్ళు కారు. కూతురంటే ప్రేమ లేనివాళ్ళూ కారు. “ఏం చేస్తాం, ఉన్నంతలో సర్దుకుంటున్నాం” అంటారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఆ ‘సర్దుకోవడం’ ప్రతిసారీ ఒకే బిడ్డ వంతుకు ఎందుకు వస్తోందన్నది మనం అడగవలసిన ప్రశ్న.

ఒక సంగతి ముందే స్పష్టం చేసుకోవాలి. ప్రభుత్వ బడికి పంపడం అన్యాయమని మేము అనడం లేదు. శిక్షణ పొంది, పోటీ పరీక్ష నెగ్గి వచ్చిన ఉపాధ్యాయులు ప్రభుత్వ బడుల్లో ఉన్నారు. రెండు రాష్ట్రాల్లోనూ పదో తరగతి దాకా పాఠ్యపుస్తకాలు ఉచితం. మధ్యాహ్న భోజనం ఉంది. తెలంగాణలో 2022-23 విద్యా సంవత్సరం నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం ప్రవేశపెట్టారు. బోర్డు మీది పేరు పెద్దదైనంత మాత్రాన లోపల చదువు గొప్పదని చెప్పలేం. ప్రశ్న బడి గురించి కాదు. ఆ బడిని మనం ఏ ఉద్దేశంతో ఎంచుకుంటున్నామన్నదాని గురించి. మంచిదని నమ్మి పంపడం వేరు, “ఈమెకిది చాలులే” అని పంపడం వేరు. బిడ్డకు ఆ తేడా తెలుస్తుంది. సంకల్పాన్ని ఎరిగిన అల్లాహ్‌కు మరీ బాగా తెలుస్తుంది.

సాక్షిగా ఉండనన్న ప్రవక్త (స)

బుఖారీ, ముస్లిం గ్రంథాల్లో ఒక ప్రసిద్ధ సంఘటన నమోదై ఉంది. హజ్రత్ బషీర్ (రజి) తన కుమారుడు నూమాన్‌కు ఒక కానుక ఇచ్చారు. నూమాన్ తల్లి అమ్రా బిన్తె రవాహా (రజి) ఆ కానుకకు దైవప్రవక్త (స) సాక్షిగా ఉంటే తప్ప తనకు తృప్తి ఉండదన్నారు. బషీర్ (రజి) ప్రవక్త (స) సన్నిధికి వెళ్ళి విషయం విన్నవించారు. మిగతా సంతానానికి కూడా ఇలాగే ఇచ్చావా అని ప్రవక్త (స) అడిగారు. లేదని జవాబు వచ్చింది. అప్పుడాయన అల్లాహ్‌కు భయపడమనీ, సంతానం మధ్య న్యాయం పాటించమనీ ఉద్బోధించారు. అన్యాయానికి తాను సాక్షిగా ఉండబోనన్నారు. మరో ఉల్లేఖనం ప్రకారం, నీ పిల్లలంతా నీ పట్ల సమానంగా మంచిగా మెలగాలని కోరుకోవా అని కూడా అడిగారు. బషీర్ (రజి) ఇంటికి తిరిగివచ్చి ఇచ్చిన కానుకను వెనక్కి తీసుకున్నారు.

ఈ సంఘటనలో మనం గమనించవలసిన విషయాలు మూడున్నాయి. మొదటిది, బషీర్ (రజి) ఎవరి సొమ్మునూ కాజేయలేదు. తన సొంత సొమ్మునే తన సొంత కొడుక్కి ఇచ్చారు. అయినా ప్రవక్త (స) దాన్ని సమ్మతించలేదు. “నా డబ్బు, నా పిల్లలు, నా ఇష్టం” అనే మాటకు అక్కడ చోటు దొరకలేదు. రెండవది, సాక్షి అనే మాట. ఒక పంపకం న్యాయమైనదే అయితే దానికి సాక్షి దొరకడం కష్టం కాదు. సాక్షి ముందు చెప్పడానికి నోరు రాకపోతే ఆ పంపకంలో ఎక్కడో లోపం ఉన్నట్టే.

మూడవది మనసును కదిలించే విషయం. ఈ సంఘటనను మనకు అందజేసిన వ్యక్తి మరెవరో కాదు, ఆ కానుక పొంది పోగొట్టుకున్న నూమాన్ (రజి)యే. పెద్దవాడై మింబరు మీద నిలబడి ఆయన ఈ సంగతి జనానికి వినిపించారు. తనకు దక్కకుండా పోయినదాన్ని గురించి ఆయన బాధపడలేదు. న్యాయం నేర్పిన పాఠంగా దాన్ని నలుగురికీ పంచారు.

సమానం అంటే ఒకే మొత్తమా?

ఇక్కడ ఆలోచనాపరులకు ఒక సందేహం కలుగుతుంది. న్యాయం అంటే ఇద్దరికీ రూపాయి రూపాయి సరిచూసి ఖర్చుపెట్టడమా? ఆరో తరగతి పిల్లవాడి పుస్తకాల ఖర్చూ, పదో తరగతి అమ్మాయి పుస్తకాల ఖర్చూ ఒకటి కాదు కదా? ఒకరికి కళ్ళద్దాలు అవసరం, మరొకరికి అవసరం లేదు కదా?

ధర్మవేత్తలు ఈ విషయంలో ఒక ముఖ్యమైన విభజన చేశారు. కానుక వేరు, పోషణ వేరు. కానుక ఇచ్చేటప్పుడు సమానత చూడాలి. పోషణలో అవసరం చూడాలి. జ్వరం వచ్చిన బిడ్డకు మందు కొని, ఆరోగ్యంగా ఉన్న బిడ్డకు కూడా అంతే డబ్బు చేతిలో పెట్టమని ఎవరూ అనరు. హంబలీ ధర్మవేత్త ఇబ్ను ఖుదామా (మరణం 1223) తన ‘అల్ ముగ్నీ’ గ్రంథంలో, అవసరం, దీర్ఘవ్యాధి, అంధత్వం, పెద్ద కుటుంబం, విద్యాసముపార్జనలో నిమగ్నమై ఉండటం వంటి కారణాలుంటే ఒక బిడ్డకు ఎక్కువ ఇవ్వడానికి అవకాశం ఉందని వివరించారు.

మరి చదువు ఖర్చు ఏ కోవకు వస్తుంది? మా దృష్టిలో దానికి రెండు మెట్లున్నాయి. మొదటి మెట్టు పోషణ లాంటిది. చదవడం, రాయడం, లెక్క చూసుకోవడం, తన ధర్మాన్ని తాను అర్థం చేసుకోవడం, తన హక్కు తాను అడగగలగడం, అవసరం వస్తే నాలుగు రూపాయలు సంపాదించుకోగలగడం, ఇవి అన్నం, గుడ్డ లాంటివే. ఈ రోజుల్లో అందుకు పదో తరగతి కనీస అర్హత. ఈ మెట్టు ఏ బిడ్డకూ తగ్గకూడదు. రెండవ మెట్టు అదనం. ఖరీదైన బడి, ప్రత్యేక కోచింగు, ఏసీ బస్సు వంటివి కానుక లాంటివి. ఇందులో తేడా చూపదలిస్తే కారణం ఉండాలి. ఆ కారణం బిడ్డ అవసరం నుంచి పుట్టాలి గాని, ఆడపిల్లా మగపిల్లవాడా అన్నదాని నుంచి కాదు.

ఈ లెక్క ప్రకారం చూస్తే ఒక సంగతి తేలుతుంది. ఒక బిడ్డకు మొదటి మెట్టు పూర్తికాకుండా మరో బిడ్డకు రెండవ మెట్టు కట్టడం న్యాయం కాదు. ఒకరికి అన్నం పెట్టకుండా మరొకరికి మిఠాయి పెట్టడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే.

మనం చెప్పుకునే కారణాలు

“ఆడపిల్ల పరాయి ఇంటికి పోయేదే కదా” అంటారు కొందరు. బిడ్డ చదువును పెట్టుబడిగా భావించేవారికే ఈ మాట తడుతుంది. లాభం మన గల్లాపెట్టెలో పడదు కనుక పెట్టుబడి దండగని దీని భావం. కాని సంతానం దుకాణం కాదు, అమానతు. అమానతును కాపాడేవాడు తనకేం మిగులుతుందని చూడడు. అప్పగించినవాడికి ఎలా జవాబు చెప్పాలా అని చూస్తాడు. తాను కోరినవారికి ఆడపిల్లల్నీ, తాను కోరినవారికి మగపిల్లల్నీ ప్రసాదిస్తానని చెప్పిన చోట అల్లాహ్ ఆడపిల్లలనే ముందు పేర్కొన్నాడు (అష్ షూరా సూరా, 49వ ఆయతు). ఆడపిల్ల పుట్టిందన్న కబురు విని ముఖం నల్లబడే మనస్తత్వాన్ని అన్ నహ్ల్ సూరాలో తీవ్రంగా ఖండించాడు. పుట్టినప్పుడు ముఖం నల్లబడకపోయినా, ఫీజు కట్టవలసిన రోజున నల్లబడితే తేడా ఏముంది?

“వారసత్వంలో కొడుక్కి రెండింతలు ఉంది కదా” అని మరికొందరు వాదిస్తారు. వారసత్వ భాగాలు అల్లాహ్ నిర్ణయించినవి. అవి మరణానంతరం పంచేవి. కుటుంబ పోషణ భారం మగవాడిపై ఉంచబడింది కనుక వాటికి ఆ కొలత ఉంది. బతికుండగా ఇచ్చే కానుకల్లో కూడా అదే కొలత పాటించాలని కొందరు ధర్మవేత్తలు అన్న మాట నిజమే. కొడుకూ కూతురూ సమానమేనని అధిక సంఖ్యాకులు అన్నారు. అయితే బిడ్డకు జ్ఞానం అందించడం ఆస్తి పంపకం కాదు, శిక్షణ బాధ్యత. కూతురికి సగం అన్నం పెట్టమని ఎవరూ అననట్టే, సగం చదువు చెప్పించమని కూడా అనరాదు. ప్రవక్త (స) కాలంలో స్త్రీలు తమకు బోధించడానికి ప్రత్యేకంగా ఒక రోజు కేటాయించమని అడిగితే ఆయన కేటాయించారు. హజ్రత్ ఆయిషా (రజి) నుంచి రెండు వేలకు పైగా హదీసులు ఉమ్మతుకు అందాయి. పెద్ద పెద్ద సహాబీలు కూడా ఆమెను అడిగి సందేహాలు తీర్చుకునేవారు.

“దూరం బడి, కాలం బాగోలేదు” అనేది మూడవ కారణం. దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. తల్లిదండ్రుల భయం నిజమైనదే. అయితే భయం ఉన్నప్పుడు తోడు వెతకాలి, దారి వెతకాలి. వీధిలోని నలుగురు ఆడపిల్లల్ని కలిపి ఒకే ఆటోలో పంపవచ్చు. బాలికల గురుకులం వెతకవచ్చు. అబ్బాయికి స్కూలు బస్సు మాట్లాడి, అమ్మాయికి మాత్రం “కాలం బాగోలేదు” అని చెప్పడం భయం అనిపించుకోదు, సాకు అనిపించుకుంటుంది.

“వీడు చురుకైనవాడు, వాడు మొద్దు” అనేది నాలుగవది. ఇది ఇద్దరు అన్నదమ్ముల మధ్య కూడా జరిగే అన్యాయం. మార్కులు ఎక్కువ వచ్చే బిడ్డకు ఖరీదైన కోచింగు, తక్కువ వచ్చే బిడ్డకు మెకానిక్ షాపు! చేతిపని తక్కువది కాదు. కష్టపడి సంపాదించిన రొట్టెకు ఇస్లాంలో గొప్ప గౌరవం ఉంది. కాని బిడ్డ ఇష్టపడి, పదో తరగతి పూర్తిచేసి పని నేర్చుకోవడం వేరు, ఎనిమిదో తరగతిలో “నీవల్ల కాదు” అని ముద్రవేసి తోసేయడం వేరు. అవసరాన్ని బట్టి చూస్తే వెనుకబడిన బిడ్డకే ట్యూషన్ ఎక్కువ అవసరం. మనమేమో పరుగెత్తేవాడికే గుర్రం కొనిపెడుతున్నాం.

ప్రభుత్వ పథకాల్లోనూ ఇదే ప్రశ్న

ఏ బిడ్డకు ఇవ్వాలన్న ఈ ప్రశ్న ప్రభుత్వాలకు కూడా ఎదురైంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 జనవరిలో మొదలైన అమ్మ ఒడి పథకంలో బడికి వెళ్ళే పిల్లలు ఎందరున్నా తల్లికి ఒకే మొత్తం, ఏడాదికి 15 వేల రూపాయలు నిర్ణయించారు. 2025 జూన్‌లో ప్రారంభమైన తల్లికి వందనం పథకంలో ఇంట్లో చదివే ప్రతి బిడ్డకూ లెక్కగట్టారు. 15 వేలలో బడుల నిర్వహణకు 2 వేలు పోను, బిడ్డకు 13 వేల చొప్పున తల్లి ఖాతాలో జమచేశారు. ఏ పథకం మెరుగైనదన్న చర్చ ఇక్కడ మనకు అప్రస్తుతం. మనం గ్రహించవలసింది ఒక్కటే. ఒక బిడ్డ పేర వచ్చిన డబ్బు ఆ బిడ్డ హక్కు. కూతురి పేర వచ్చిన సొమ్ముతో కొడుకు ఫీజు కడితే దాన్ని ఏమనాలో ప్రతి తల్లీ తన మనసును అడిగి చూసుకోవాలి.

2009 నాటి విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు, అంటే 8వ తరగతి వరకు ఉచిత విద్యకు హామీ ఇస్తోంది. ఆ చట్టం అండ ఆగిపోయే చోటే ఉన్నత పాఠశాలలో అసలు పరీక్ష మొదలవుతుంది. ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో 9, 10 తరగతులకు కూడా ట్యూషన్ ఫీజు లేదు. అయినా ఆ రెండేళ్ళ దగ్గరే ఎందరో పిల్లలు బడి మానేస్తున్నారు. 2006లో వచ్చిన సచార్ కమిటీ నివేదిక, 6-14 ఏళ్ళ ముస్లిం పిల్లల్లో 25 శాతం మంది అసలు బడి ముఖం చూడనివారో లేదా మధ్యలో మానేసినవారో అని తేల్చింది. ఆ తర్వాత పరిస్థితి ఎంతో మారింది. కాని ఆ పావు వంతులో ఎందరు ఆడపిల్లలు తమ్ముడి ఫీజు కోసం ఇంట్లో ఉండిపోయారో ఏ నివేదికా లెక్క చెప్పలేదు. ఆ లెక్క వేరే చోట రాయబడి ఉంటుంది.

డబ్బు లేదన్న మాటకు కొన్ని దారులు కూడా ఉన్నాయి. తెలంగాణలో 2016-17లో 71 బడులతో మొదలైన మైనారిటీ గురుకులాలు తర్వాత రెండు వందలు దాటాయి. బాలురకు, బాలికలకు వేర్వేరుగా ఉచిత భోజనం, వసతితో చదువు చెబుతున్నారు. 2004లో మొదలైన కస్తూరిబా గాంధీ బాలికా విద్యాలయాల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ బాలికలతో పాటు మైనారిటీ బాలికలకూ సీట్లున్నాయి. దరఖాస్తు గడువు బడులు తెరవకముందే ముగిసిపోవచ్చు కనుక వేసవిలోనే వాకబు చేయాలి.

న్యాయం డబ్బుతోనే ఆగదు

ఫీజు సమానంగా కట్టిన ఇంట్లో కూడా అన్యాయం జరగవచ్చు. సమయం పంపకం ఒకటుంది. బడి నుంచి వచ్చాక అబ్బాయి క్రికెట్‌కు వెళతాడు, అమ్మాయి వంటింట్లోకి వెళుతుంది. ఇద్దరికీ పరీక్ష మాత్రం ఒకే రోజున ఉంటుంది. ప్రవక్త (స) ఇంట్లో ఉన్నప్పుడు ఇంటిపనుల్లో పాలుపంచుకునేవారని ఆయిషా (రజి) తెలిపారు. అలాంటప్పుడు తన టిఫిను డబ్బా తాను కడుక్కోవడం ఏ అబ్బాయికీ నామోషీ కాదు.

మాట పంపకం మరొకటి. “నీ అన్నను చూసి నేర్చుకో” అనే మాట రోజూ వింటూ పెరిగిన బిడ్డ అన్నను ప్రేమించలేడు. హజ్రత్ యూసుఫ్ (అలై) సోదరుల ఈర్ష్య, తండ్రికి తమకన్నా అతనే ఎక్కువ ఇష్టమన్న తలంపు నుంచే మొదలైందని దివ్య ఖుర్‌ఆన్ తెలుపుతోంది. యాఖూబ్ (అలై) ప్రవక్త, అన్యాయం చేసినవారు కారు. హృదయంలోని మొగ్గు మనిషి చేతిలో ఉండదు. అలాంటి మహనీయుని ఇంట్లోనే ఆ తలంపు అంతటి అనర్థం తెచ్చిపెట్టినప్పుడు, చేతలతో, మాటలతో బాహాటంగా తేడా చూపే మన ఇళ్ళ సంగతేమిటి?

కాగితం పంపకం కూడా ఉంది. పదో తరగతి రికార్డులో ఎక్కిన పేరు, తండ్రి పేరు, పుట్టినతేదీ జీవితాంతం వెంట వస్తాయి. మన ఇళ్ళలో ఒకే పేరు ఆధార్‌లో ఒకలా, బడి రిజిస్టర్లో మరోలా ఉండటం మామూలు. షేక్, మొహమ్మద్ వంటి పేర్ల స్పెల్లింగు ఒక్కోచోట ఒక్కోలా పడుతుంది. అబ్బాయి కాగితాల కోసం నాలుగుసార్లు తిరిగే తండ్రి అమ్మాయి కాగితాలను గాలికి వదిలేయరాదు. ఇద్దరివీ తొమ్మిదో తరగతిలోనే సరిచూసుకోవాలి.

పిల్లలకు ఒక మాట

బాబూ, అమ్మా! మీలో ఎవరికైనా మంచి బడి, మంచి బ్యాగు, ట్యూషన్ దక్కి ఉంటే, అది ఇంట్లో ఎవరి వంతు నుంచి వచ్చిందో ఒకసారి ఆలోచించండి. అక్క చదువు ఆగి నీ చదువు సాగుతుంటే అది నీపై ఉన్న రుణం. నీ పాఠం ఆమెకు చెప్పు. నీ పుస్తకం ఆమెకివ్వు. “అబ్బాజీ, ఆపాకు కూడా ట్యూషన్ పెట్టించండి” అని నీవే అడుగు. ఇంట్లో అందరికన్నా ఎక్కువగా చెల్లేది నీ మాటే.

తక్కువ దక్కినవారు కూడా నిరాశపడకూడదు. తల్లిదండ్రులను ద్వేషించకూడదు. గౌరవంతో, అదబుతో అడగడం మీ హక్కు. కానుక విషయంలో ప్రవక్త (స)ను సాక్షిగా కోరినప్పుడే అమ్రా (రజి) ఇంటి ప్రశ్న న్యాయం ముందుకు వచ్చింది. అడిగితేనే ఎన్నో తలుపులు తెరుచుకుంటాయి.

తక్కెడ మన చేతిలోనే

ఈ జూన్‌లో ఫీజు కట్టే ముందు భార్యాభర్తలిద్దరూ కలిసి కూర్చుని ఒక కాగితం మీద పిల్లల పేర్లు వరుసగా రాయండి. ఒక్కొక్కరి ఎదుట ఈ ఏడాది వారిపై పెట్టబోయే డబ్బు, ఇవ్వబోయే సమయం రాయండి. తేడా ఉన్నచోట కారణం రాయండి. తర్వాత ఆ కారణాన్ని, తక్కువ దక్కిన బిడ్డ కళ్ళలోకి చూస్తూ చదివి వినిపించగలమా అని మిమ్మల్ని మీరు ప్రశ్నించుకోండి. వినిపించగలిగితే ఆ తేడాకు బిడ్డే సాక్షి అవుతుంది. “నీకు కళ్ళద్దాలు ఉన్నాయి, అన్నకు లేవు, అందుకే ఈ నెల అన్నకు కొంటున్నాం” అంటే ఏ బిడ్డయినా ఒప్పుకుంటుంది. “నీవు ఆడపిల్లవు, అందుకే” అనడానికి నోరు రాదు. నోరు రాని మాటను చేతితో అమలుచేయడం విశ్వాసికి తగదు.

ఇద్దరు ఆడపిల్లల్ని యుక్తవయస్సు వచ్చేదాకా చక్కగా పెంచినవారు ప్రళయదినాన తనకు ఎంత సన్నిహితంగా ఉంటారో ప్రవక్త (స) తన రెండు వేళ్ళు కలిపి చూపించారని ముస్లిం గ్రంథంలో ఉంది. ఆ సామీప్యం కోసం కట్టే ఫీజు ఎంతైనా తక్కువే.

మన ఇళ్ళలో న్యాయమనే తక్కెడను సరిగా పట్టుకునే భాగ్యాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! మన పిల్లలందరికీ ప్రయోజనకరమైన జ్ఞానం అనుగ్రహించుగాక! ఆమీన్.